ప్లీడరు గారికి పదిహేను వేలు

ఇంజినీరింగ్‌లో నాతో చదివిన ఒకడు లండన్ దగ్గర రెడింగ్‌లో ఉంటాడు. రెండేళ్ళ కింద అక్కడ ఇల్లు కొన్నాడు. కొన్నన్నాళ్ళూ ఫోన్ చేసినప్పుడల్లా "మా సొలిసిటర్ ఇలా అంది, మా సొలిసిటర్ అలా అడిగింది" అనేవాడు. ఇళ్ళ అమ్మకాలూ కొనుగోళ్ళూ మాత్రమే చూసే లాయర్లు అక్కడ వేరుగా ఉంటారు, కన్వేయన్సింగ్ సొలిసిటర్లంటారు. మామూలుగా కొనేవాడికి ఒకరు, అమ్మేవాడికి ఇంకొకరు. వీళ్ళు ప్రశ్నలు రాస్తారు, వాళ్ళు జవాబులు రాస్తారు, నెలలు గడుస్తాయి. వాడికి విసుగొచ్చింది. నాకు మాత్రం ఆ ఏర్పాటులో ఒక సంగతి బుర్రలో ఉండిపోయింది. అక్కడ ఇల్లు కొనేవాడి పక్షాన కూర్చుని, అమ్మేవాడి కాగితాన్ని అనుమానంగా చూడటం ఒక మనిషి ఉద్యోగం. అందులో మొహమాటం లేదు. ఎవరూ ఏమీ అనుకోరు.

కిందటేడు, అంటే 2025లో, కాశీబుగ్గలో మా అమ్మానాన్నల కోసం ఇల్లు వెతికినప్పుడు ఈ ఉద్యోగానికి మన దగ్గర పేరేమిటా అని చూశాను. పేరు లేదు. పని మాత్రం ఉంది. ముగ్గురు మనుషులు తలా ఒక ముక్క చేస్తారు.

మొదటివాడు బ్రోకరు. బేరం కుదిరితే అటో శాతం ఇటో శాతం తీసుకుంటాడు. కుదరకపోతే పైసా రాదు. రెండో ఆయన దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగా కంప్యూటరు, ప్రింటరు, స్టాంపు ప్యాడ్ పెట్టుకుని కూర్చుంటాడు. 1998లో కార్డ్ అనే పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, మధ్యవర్తుల అవసరం తగ్గుతుందనుకున్నారు. లేఖరులు కూడా కంప్యూటర్లు కొనుక్కున్నారు, అంతే. ఆయన దస్తావేజు రాస్తాడు, కానీ ఎవరి తరఫునా రాయడు. ఇద్దరి దగ్గరా తీసుకుంటాడు, ఇద్దరికీ కావలసినవాడు, రిజిస్ట్రేషన్ రోజు వస్తేనే ఆయనకి డబ్బు. మూడో ఆయన బ్యాంకు ప్యానెల్ లాయరు. లోన్ తీసుకుంటే కాగితాలన్నీ చూసి లీగల్ ఒపీనియన్ ఇస్తాడు. ఫీజు మనమే కడతాం, అభిప్రాయం మాత్రం బ్యాంకుకి వెళ్తుంది. పైగా ఆయన దగ్గరికి ఫైలు వెళ్ళేసరికి అగ్రిమెంటు రాయడం, అడ్వాన్సు ఇవ్వడం చాలాసార్లు అయిపోయి ఉంటాయి.

ఇంకో పెద్దాయన ఉన్నాడు కదా, సబ్ రిజిస్ట్రారు, ఆయన చూడడా అంటారేమో. చూడడు. చూడమని చట్టం ఆయనకి చెప్పలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కాగితాన్ని నమోదు చేస్తుంది, హక్కుని కాదు. నిషేధిత జాబితాలో, అంటే అందరూ ట్వంటీటూ ఏ అని పిలిచే లిస్టులో, ఉన్న ప్రభుత్వ భూమో, దేవుడి మాన్యమో అయితే ఆపుతాడు. మిగతా చోట్ల రాసిచ్చేవాడికి అసలు హక్కుందా అని తేల్చే అధికారం రిజిస్టర్ చేసే అధికారికి లేదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఒక తమిళనాడు కేసులో మళ్ళీ చెప్పింది. ఇంగ్లండ్‌లో 1862లో మొదలైన ల్యాండ్ రిజిస్ట్రీ ఇల్లు ఫలానావారిదని హామీ ఇస్తుంది. అందులో తప్పు దొర్లి నష్టం జరిగితే పరిహారం కూడా ఇస్తుంది. మన దగ్గర ఫలానా తేదీన ఫలానావాడు ఫలానావాడికి ఇలా రాసిచ్చాడన్నంత వరకే రాజముద్ర. రాసిచ్చింది నిజమా కాదా కొనేవాడే చూసుకోవాలి.

మాకు ఇల్లు తొందరగా కావాలి. మాది వజ్రపుకొత్తూరు వైపు ఊరు, ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా కొబ్బరి చెట్లని పడుకోబెట్టేసింది. మళ్ళీ వేసిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఆగే ఓపిక నాన్నకి లేకపోయింది, తోటలో సగం అమ్మేశాడు. ఆ తర్వాత ఆయన క్రియాటినిన్ పెరగడం మొదలైంది. ఉద్దానంలో ఆ మాటకి అర్థం వివరించనక్కర్లేదు, చదువు రాని ముసలమ్మ కూడా తన నంబరు చెప్తుంది. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, రెండొందల పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు. ఊరి నుంచి ఆటోలో వచ్చి, చూపించుకుని, మళ్ళీ ఆటోలో వెళ్ళే బదులు కాశీబుగ్గలోనే ఉండిపోతే నయమని అమ్మ పట్టుబట్టింది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. శనాదివారాలే సెలవు.

ఇల్లు దొరికింది. అయిదు సెంట్ల స్థలం, పాత డాబా ఇల్లు, బావి, రెండు కొబ్బరి చెట్లు. జీడిపప్పు వేయించే వాసన పొద్దున్నే పెరట్లోకి వస్తుంది. అమ్మేవాడు నాన్న స్నేహితుడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ముప్పై ఆరు లక్షలకి మాట అయింది. ఈసీ తీశాం, ఖాళీ. ఇంటి పన్ను పదిహేనేళ్ళుగా బాబాయ్ పేరునే ఉంది. కరెంటు మీటరు ఆయనదే. 1974లో వాళ్ళ నాన్న కొన్న క్రయ దస్తావేజు ఉంది. లేఖరి చూసి "బంగారంలాంటి డాక్యుమెంటు" అన్నాడు. లక్ష రూపాయలు టోకెన్ ఇచ్చి అగ్రిమెంటు రాసుకోమన్నాడు.

నేను ఒకసారి లాయరుకి చూపిద్దామన్నాను.

నాన్న మొహం మారిపోయింది. "ఆడు నా కళ్ళెదట పెరిగినోడురా. ఆడి కాగితాలు పట్టుకెళ్ళి ఇంకొకడికి చూపిస్తే, ఆడ్ని నేను దొంగన్నట్టే కదా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అందులో నిజముంది. మనూళ్ళలో బేరం కాగితం మీద కాదు, మాట మీద కుదురుతుంది. కాగితం తర్వాత వచ్చే లాంఛనం. ఆ లాంఛనాన్ని ముందుకు తెచ్చి పరీక్ష పెడితే మాటకి విలువ లేదన్నట్టే. రెడింగ్‌లో మావాడికి ఈ ఇబ్బంది లేదు, వాడికి ఇల్లమ్మినవాడి మొహమే తెలీదు. "బ్యాంకు వాళ్ళు అడుగుతున్నారు నాన్నా" అని తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు. కొంచెం లోన్ తీసుకుంటున్నాను, బ్యాంకు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది.

ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? నాకు పేర్లు చెప్పినవాళ్ళు చాలామందే. బ్రోకరు తనకి తెలిసిన లాయరు పేరు చెప్పాడు, ఆయన్ని అందుకే వద్దనుకున్నాను. బంధువుల్లో ఒక లాయరున్నాడు, ఆయన బాబాయ్‌కి కూడా బంధువే. చివరికి మా ఆఫీసులో టెక్కలి కుర్రాడొకడు ఒకే ఒక్క సలహా ఇచ్చాడు. "రిజిస్ట్రేషన్లు చేయించే లాయరు వద్దు అన్నా. సివిల్ దావాలు వేసే లాయరు దగ్గరికెళ్ళు. ఇళ్ళు ఎలా పోతాయో చూసినవాడికి తెలుస్తుంది." మేం కోడ్ టెస్టింగ్‌కి ఇచ్చేటప్పుడు పాటించే నియమం కూడా ఇదే. రాసినవాడు కాకుండా, విరగ్గొట్టడం అలవాటైనవాడు చూడాలి.

అలా టెక్కలి వెళ్ళాను. కోర్టులో ముప్పై ఏళ్ళకి పైగా ప్రాక్టీసున్న పెద్దాయన. ఇంటి ముందు గదే ఆఫీసు. బీరువాల్లో దారాలు కట్టిన కట్టలు. ముందు ఫీజు చెప్పాడు, పదిహేను వేలు. "కొన్నా అంతే, కొనకపోయినా అంతే. అభిప్రాయం రాసి సంతకం పెట్టి ఇస్తాను, నోటిమాట చెప్పను. స్థలం చూడటానికి నేనే వస్తాను, కారు మాత్రం పంపించండి." బ్రోకరుకి నేనివ్వాల్సింది ముప్పై ఆరు వేలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే రెండు లక్షల డెబ్భై వేలు. ఈ మొత్తంలో బేరం చెడినా చెల్లించాల్సింది ఈ పదిహేను వేలు ఒక్కటే. అప్పుడు నాకు విషయం తట్టింది. ఈ వ్యవహారంలో ఉన్నవాళ్ళందరికీ, బాబాయ్‌కి, బ్రోకరుకి, లేఖరికి, లోన్ ఇచ్చే బ్యాంకుకి, ఆఖరికి మా నాన్నకి కూడా, రిజిస్ట్రేషన్ జరిగితేనే లాభం. వద్దు అని చెప్పడానికి స్వేచ్ఛ ఉన్న మనిషి ఈయనొక్కడే. నేను కొంటున్నది ఆ స్వేచ్ఛని.

కాగితాలు ముందు పెట్టాను. ఆయన ఈసీ పక్కకి నెట్టి, 1974 దస్తావేజు తీసి చదవడం మొదలుపెట్టాడు. గట్టిగా, పద్యం చదివినట్టు. నేను తీరికున్నప్పుడు పుస్తకాల మీద నాలుగు మాటలు రాసుకునే మనిషిని. ఒక పాఠాన్ని అంత నెమ్మదిగా ఎవరూ చదవగా చూడలేదు. చతుస్సీమల దగ్గర ఆగాడు. ఉత్తరం జీడిమామిడి తోట, తూర్పు ఒక రైలు ఉద్యోగి ఇల్లు, దక్షిణం పంచాయతీ రోడ్డు, పడమర ఇంకొకరి కల్లం. ఇప్పుడు అక్కడ తోటా లేదు, కల్లమూ లేదు. తోట ఉన్నచోట లాడ్జి ఉంది. "ఈ నాలుగు హద్దులూ ఇవాళ ఎవరెవరో వరసగా కాగితంతో చూపించాలి. లేకపోతే అది ఈ ఇల్లే అని ఎలా చెప్తాం?" అన్నాడు. దస్తావేజు అంటే ఒకరికి ఒకరు అమ్మిన కథ అనుకునేవాణ్ణి. కాదు. చుట్టుపక్కల నలుగురు మనుషులు ఎక్కడున్నారో చెప్పి, మిగిలిన ఖాళీ నాది అనడం.

మధ్యలో కబుర్లు కూడా చెప్పాడు. మా నాన్న ట్రంకుపెట్టెలో తాతల నాటి కాగితాల మీద గంజాం జిల్లా అని ఉంటుందని నేనంటే నవ్వాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలోవే. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం. మందస, టెక్కలి లాంటి జమీందారీలని రద్దు చేసిన చట్టం 1948ది. ఆ తర్వాత సెటిల్‌మెంటు, కొత్త నంబర్లు, 2020 చివర్లో మొదలైన రీసర్వేతో మళ్ళీ కొత్త నంబర్లు. హక్కుకి ప్రభుత్వమే పూచీ పడేట్టు తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది, లాయర్లు కోర్టులు బహిష్కరించారు, 2024 ఎన్నికల్లో అదే పెద్ద గొడవైంది, జులైలో అసెంబ్లీ దాన్ని రద్దు చేసింది. "పూచీ మంచిదే బాబూ, తగాదా వస్తే సివిల్ కోర్టుకి వెళ్ళే దారి మూసేయడమే మాకు నచ్చలేదు" అన్నాడాయన. ఈ నేల కదలకుండానే ఇన్ని పేర్లు మార్చుకుంది. ఇది ఎవరిదో నేను చెప్తాను అనే హామీ మాత్రం ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు.

దస్తావేజు మూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ కొన్నాయన బతికున్నాడా?"

లేడు, పోయి పదహారేళ్ళయింది. భార్య ఆ తర్వాత పోయింది.

"వీలునామా?"

లేదు.

"పిల్లలెంతమంది?"

బాబాయ్, ఒక అక్క, ఒక చెల్లెలు. పెద్దత్త బరంపురంలో ఉంటుంది, చిన్నత్త భర్తది రైల్వే, ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. వాళ్ళ పెళ్ళిళ్ళ ఫోటోలు ఆ ఇంటి గోడకే వేలాడుతున్నాయి. కానీ కాగితాల్లో ఎక్కడా లేరు. ఈసీలో లేరు, పన్ను రశీదులో లేరు, లేఖరి తయారుచేసిన చిత్తు దస్తావేజులో లేరు. అందులో "ఈ ఆస్తిలో నాకు తప్ప మరెవ్వరికీ ఎట్టి హక్కు గానీ సంబంధం గానీ లేదు" అని ఒక వాక్యముంది. ప్రతి క్రయ దస్తావేజులోనూ ఉండే వాక్యమే, కళ్ళు దానిమీంచి జారిపోతాయి. ఆ 'మరెవ్వరికీ'లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు.

ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. 1983 నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో పుస్తకాలు తీయించి రాయించుకోవాలి. చావు రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు కాదు. కాబట్టి చావుతో చేతులు మారిన హక్కు ఈసీలో కనపడదు. రిజిస్టరు చేయని వీలునామా కనపడదు, కోర్టులో నడిచే దావా కనపడదు. ఖాళీ ఈసీ అంటే ఆఫీసుకి ఎవరూ రాలేదని మాత్రమే.

బాబాయ్ ఒక కాగితం తెచ్చాడు. వాళ్ళ నాన్న పోయిన ఏడాది, తెల్లకాగితం మీద ఇద్దరు అప్పచెల్లెళ్ళూ సంతకాలు పెట్టారు. పసుపు కుంకుమల కింద మాకు ముట్టవలసింది ముట్టింది, ఇంట్లో మాకు వాటా లేదు అని. పెద్దమనుషుల సాక్షి సంతకాలు కూడా ఉన్నాయి. ప్లీడరు గారు దాన్ని వెనక్కి ఇచ్చేశాడు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరు చేయాలి. 1908లో పెట్టిన ఆ వంద ఇప్పటికీ వందే. "పైగా ఇది వాళ్ళ నాన్న స్వార్జితం. 1985లో రామారావు గారి ప్రభుత్వం ఇచ్చిందీ, 2005లో ఢిల్లీ ఇచ్చిందీ పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు. ఇక్కడ ఆ చర్చే అక్కర్లేదు. స్వార్జితంలో 1956 నుంచీ కొడుకెంతో కూతురూ అంతే."

పదహారేళ్ళుగా బాబాయ్ ఒక్కడే ఉంటున్నాడు కదా, పన్నెండేళ్ళు దాటితే హక్కు వచ్చేస్తుందంటారు కదా అన్నాను. ఇంటర్నెట్లో చదివిన జ్ఞానం. ఆయన తల అడ్డంగా ఊపాడు. "బయటివాడైతే ఆ లెక్క. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకడుంటే అందరూ ఉన్నట్టే. మీకు లేదు పొమ్మని బాహాటంగా గెంటితే తప్ప గడువు మొదలవదు. అన్న ఆ ఇంట్లో ఉన్నాడంటే చట్టం దృష్టిలో ఆ ఆడపిల్లలు కూడా అక్కడే ఉన్నారు."

ఈ మాట నేను చాలా రోజులు మోశాను. పెళ్ళై వెళ్ళిపోయిన ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళకే తెలీకుండా, అన్నాళ్ళూ ఆ ఇంట్లో కాపురం ఉంటున్నారు. బాబాయ్ తాళం వేసినప్పుడల్లా వాళ్ళ తరఫున కూడా వేశాడు.

లేఖరి దగ్గర దీనికి మందుంది. "ఏవైనా తగాదాలొస్తే నా సొంత ఖర్చులతో పరిష్కరిస్తాను" అని అమ్మేవాడి చేత ఒక పేరా రాయిస్తే సరిపోతుందన్నాడు. ప్లీడరు గారు దాని మీద పెన్నుతో గీత గీశాడు. "ఈ పేరా మీకు ఇల్లివ్వదు. ఆయన వెనకాల పరిగెత్తే హక్కు ఇస్తుంది." లిఖితపూర్వకంగా మూడు షరతులు పెట్టాడు. తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. దస్తావేజులో అమ్మకందార్లుగా ముగ్గురూ ఉండాలి, సాక్షులుగా కాదు. డబ్బు ముగ్గురి పేరా విడివిడిగా డీడీలు తీయాలి. మూడోది ఎందుకని అడిగితే, "ఊరికే సంతకం పెట్టినవాళ్ళు రేపు మోసపుచ్చి పెట్టించుకున్నారనొచ్చు. డబ్బు వాళ్ళ ఖాతాలో పడితే అనలేరు" అన్నాడు.

ఆయన స్త్రీల హక్కుల కోసం పోరాడే మనిషేమీ కాదు. తన సొంత ఇంట్లో ఎలా పంచాడో నాకు తెలీదు, అడగలేదు కూడా. ఆయనకి కనపడింది నా కొనుగోలులో ఒక చిల్లు. దాన్ని పూడ్చమన్నాడు. అయితే ఆ చిల్లు పూడ్చే క్రమంలో, పదహారేళ్ళలో మొదటిసారి, ఆ ఇద్దరినీ ఎవరో ఒకరు "నీకేం కావాలి" అని అడగాల్సి వచ్చింది. వాళ్ళ నాన్న అడగలేదు, పెద్దమనుషులు అడగలేదు. అడిగింది కొనేవాడి భయం.

పెద్దత్త మారుమాట లేకుండా ఒప్పుకుంది. తమ్ముడు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతానంది. చిన్నత్త ఖరగ్‌పూర్ నుంచి ఫోన్‌లో రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు నాకే ఫోన్ చేసింది. "బాబూ, డీడీ నా పేరున తీస్తావా, నిజంగానే తీస్తావా?" అని అడిగింది. తీయకపోతే మీరు సంతకం పెట్టొద్దత్తా అన్నాను. "అయితే నా వాటా నాకు కావాలని అన్నకి చెప్పు. నేను చెప్పలేను."

చెప్పాను. బాబాయ్ ఆ రోజు మా ఇంటికి వచ్చి నాన్న ముందు కూర్చుని, నాతో కాదు నాన్నతోనే, "అన్నా, మీ వోడు నా ఇంట్లో చిచ్చు పెట్టాడు" అన్నాడు. ముప్పై ఆరు లక్షలనుకుని కూతురి పెళ్ళికి లెక్కలేసుకున్న మనిషికి పన్నెండు లక్షలు ఊడిపోవడం చిన్న సంగతి కాదు. ఆయన దొంగ కాదు. అమ్మని చివరి నాలుగేళ్ళూ చూసుకున్నది ఆయనే, ఇంటికి స్లాబు వేయించిందీ ఆయనే. ఆ లెక్కలు ఏ కాగితంలోనూ లేవు. ఆయన బాధలో న్యాయముంది, చిన్నత్త అడగడంలోనూ న్యాయముంది. ఆ రెండిట్లో ఎంతెంతో తూచడం నా ప్లీడరు పని కాదు. ఆయన నావాడు.

ఆ మధ్యలో రెండు వారాలు బేరం చెడినట్టే ఉంది. నాన్న నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. ఒక రాత్రి అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా అంది. "మా అన్నయ్యకి బ్యాంకు లోను కావాలంటే నేనూ పెట్టేను సంతకం. టెక్కలి తీసుకెళ్ళేరు. అది రిజిస్టరే. చీర పెట్టేరు." ఏ సంవత్సరం అని అడిగాను. నేను మూడో క్లాసట. ఏం రాసుందో చదివావా అని అడిగాను. "అంత పెద్ద కాగితం ఎవరు సదూతారు" అని దీపం ఆర్పి వెళ్ళిపోయింది.

మా అమ్మ కాగితం చట్టప్రకారం నిఖార్సైనది. నా ప్లీడరు గారి ముందు పెడితే ఒక్క తప్పు పట్టలేడు. ఇది కూడా రాసుకోవాలి. మంచి లాయరు కాగితం చెల్లుతుందా లేదా చెప్తాడు, న్యాయమా కాదా చెప్పడు. చిన్నత్తకి వాటా దక్కింది ఎవరో మంచివాళ్ళు కావడం వల్ల కాదు, పదహారేళ్ళ కింద ఆ పెద్దమనుషులు సబ్ రిజిస్ట్రారాఫీసు దాకా నడవడానికి బద్ధకించడం వల్ల.

చివరికి నాన్నే బాబాయ్ దగ్గరికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆగస్టులో రిజిస్ట్రేషన్ జరిగింది. ప్లీడరు గారు చిత్తు దస్తావేజు తనే తిరిగి రాశాడు. 'నా స్వాధీనానుభవంలో' అన్నచోట 'మా' వచ్చింది. 'మరెవ్వరికీ' అలాగే ఉంది, ఈసారి అది నిజం. ఖరగ్‌పూర్ నుంచి రైల్లో వచ్చిన చిన్నత్త డీడీ తీసుకుని, అంకెలు రెండుసార్లు చదివి, బ్యాగులో పెట్టుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దత్త వేలిముద్రలు వేసేటప్పుడు చెయ్యి వణికింది. ఆమె తన పన్నెండు లక్షలూ తమ్ముడికే తిరిగి ఇచ్చేసిందని తర్వాత తెలిసింది. అది ఆమె ఇష్టం. ఈసారి ఇవ్వడానికి ముందు ఆమె చేతిలో ఉంది.

బాబాయ్ ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు. నాన్న సాయంత్రాలు ఒక్కడే స్టేషన్ దాకా నడిచి వస్తున్నాడు. ఇది నేను లెక్కలోంచి తీసేయలేను. ఇల్లు కొనబోతూ నన్ను సలహా అడిగే మిత్రులకి నేను చెప్పేది ఇంతే. అడ్వాన్సు ఇవ్వకముందే లాయరు దగ్గరికి వెళ్ళండి. అమ్మేవాడికీ బ్రోకరుకీ సంబంధం లేనివాణ్ణి, సివిల్ కోర్టులో దావాలు చూసేవాణ్ణి, బేరం చెడినా అదే ఫీజు తీసుకునేవాణ్ణి, రాసి సంతకం పెట్టేవాణ్ణి వెతుక్కోండి. ఆయన అడిగే ప్రశ్నలకి మీ వాళ్ళు నొచ్చుకుంటారు. ఆ నొప్పి ఫీజులో లేదు, విడిగా కట్టాలి.

రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు ప్లీడరు గారు కొనుగోలుదారుల కాలమ్ నింపుతూ ఎవరి పేరు అని అడిగాడు. నాన్న తడుముకోకుండా "అబ్బాయి పేరు రాసీండి" అన్నాడు. ప్లీడరు గారు పెన్ను ఆపాడు.

"ఒక్కడేనా పిల్లలు?"

"ఒక అమ్మాయుంది. బెంగళూరు."

"డబ్బు మీది కూడా ఉందిగా?"

ఉంది, తోట అమ్మినది. ఆయన ఇంకేమీ అనలేదు, పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అమ్మ, తనని ఎవరూ అడక్కుండానే, "మా ఇద్దరి పేర్లూ రాయండి. ఆయనదీ నాదీ" అంది. అలాగే రాశాడు. వీలైనంత త్వరగా వీలునామా కూడా రాయించుకోమన్నాడు. అది ఇంకా రాయలేదు.

ఆ రాత్రి చెల్లికి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. పూర్తిగా వినకుండానే "నాకేం వద్దులే అన్నయ్యా" అంది, పెద్దత్త ఒప్పుకున్నంత వేగంగా. ఆ జవాబు ఇప్పుడే చెప్పకు, ముందు ఒక లాయర్ని చూసుకో అన్నాను. నవ్వింది. నవ్వాక, "నీ ప్లీడరు కాకుండా వేరే ఆయన్నేనా?" అని అడిగింది.

అవును, వేరే ఆయన్నే అన్నాను.